పాత చీరకు స్టీలు గంజు

"ఏందే గీ కచరంత?" అన్నాడు వీరేందర్, మూటను కాలి బొటనవేలితో పొడిచి చూపిస్తూ.

సుమిత్ర ఏటా ఎండలు ముదరగానే చేసే పనే చేస్తోంది. అటక మీది పాత చీరల మూట దించి, విప్పి, దాబా మీద ఎండబెట్టి, మడతల మధ్య వేపాకు పెట్టి మళ్ళీ కడుతోంది. ఇన్నేళ్ళూ పక్కన నిలబడి ఇదేమిటని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు మొగుడున్నాడు. "పాత చీరలు. వర్షకు పుట్టేటోళ్ళకు అక్కరకస్తయి," అంది. కూతురు వర్ష సిరిసిల్ల అత్తగారింటి నుంచి పురిటికి వచ్చి, లోపల ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని మామిడికాయ ముక్కలు తింటోంది. "పుట్టేటోళ్ళకు పేలికలెందుకు? దుబాయ్ నుంచి కొత్త సెట్టే తెచ్చిన గదా," అన్నాడాయన. "క్యాంపుల మంచం కింద గిసొంటిది కనవడితే నిలవడ్డ కాడనే పారేయించేటోణ్ణి."

క్యాంపంటే దుబాయ్‌లో కూలీలుండే క్యాంపు. వీరేందర్ అక్కడ కూలీగా చేరి, చివరికి క్యాంప్ బాస్ అయ్యాడు. గది గదికీ తిరిగి, ఎవరి మంచం కింద ఏముందో చూసి, అక్కర్లేదని తనకు తోచినదాన్ని బయట పడేయించడం ఆయన ఉద్యోగం. కిందటి దసరాకు తిరిగి వచ్చేశాడు. క్యాంపు అక్కడే ఉండిపోయింది గానీ తనిఖీ మాత్రం ఆయనతో పాటు విమానమెక్కి కోరుట్ల వచ్చింది. పొద్దున లేచి ఫ్రిజ్ మీద వేలితో గీసి దుమ్ము చూస్తాడు. పోపు డబ్బాల మూతలు తీసి వాసన చూస్తాడు. చింతకాయ తొక్కు జాడీ మీద ఎక్స్‌పైరీ తేదీ ఎక్కడుందని ఒకరోజు నిజంగానే అడిగాడు. "గా జాడి మీ అవ్వ పెండ్లినాటిది, ఆమెనే అడుగు," అంది సుమిత్ర, నవ్వు ఆపుకోలేక.

"ఇన్నేండ్లు ఇంట్ల కూసోని ఏం జేసినవే మరి?" అన్నది మాత్రం రోజుకోసారి వచ్చే మాట. అందులో కోపం కూడా ఉండదు. చాయ్ అడిగినట్టే అడుగుతాడు. సుమిత్ర దగ్గర జవాబులు లేక కాదు. మడి నాటించింది, కోయించింది. ఈ ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ వెంట నిచ్చెనెక్కింది. అత్త మోకాళ్ళకు నూనె రాసింది, బర్రె ఈనితే పక్కన కూర్చుంది, వర్షను డిగ్రీ చదివించి పెళ్ళి చేసింది. మిగిలిన పొద్దంతా బీడీలు చుట్టింది. ఇదంతా కూర్చునే చేశాను కాబోలు అనుకునేది. ఆయన దుబాయ్ నుంచి చేసిన ఫోన్లు గుర్తొచ్చేవి. అవ్వ తిన్నదా? బిడ్డ తిన్నదా? బర్రెకు కుడితి పెట్టినవా? ఆ తరవాత ఫోన్ పెట్టేసేవాడు. నువ్వు తిన్నావా అన్నది అన్నేళ్ళలో ఒక్కసారైనా వినబడుతుందని ఆమె చాన్నాళ్ళు ఫోను చెవి నుంచి తీయకుండా అలాగే పట్టుకునేది. తరవాత తరవాత ఆయనకన్నా ముందే పెట్టేయడం నేర్చుకుంది.

అయినా ఆయన మీద కోపం ఆమెకు ఎక్కువసేపు నిలవదు. దానికో కారణముంది. వీరేందర్ తనంతట తాను మానేసి రాలేదు. వయసు మీద పడిందని కంపెనీ వాళ్ళు వీసా క్యాన్సిల్ చేసి పంపేశారు. గల్ఫ్ కబుర్లలో దానికి పొడుగు వాక్యం అక్కర్లేదు, "వీరేందర్ క్యాన్సిల్ అయిండు" అంటే చాలు. మనిషి ఎక్కడైనా క్యాన్సిల్ అవుతాడా? కోరుట్లలో అవుతాడు. బస్టాండు దగ్గర ఎవరో అలా అంటుంటే విని, "ఆయ్నే చాలనుకోని అచ్చిండు," అని సుమిత్ర మొహం మీదే అబద్ధమాడేసి వచ్చింది. క్యాన్సిల్ అన్న మాట ఇంట్లో ఇంతవరకూ ఆమె నోట రాలేదు. ఎంత ఒళ్ళు మండినా రానివ్వదు. ఆయన నోట మాత్రం కచర రోజూ వస్తుంది.

మాటల సంగతి ఆమెకు మధ్యాహ్నం బీడీలు చుట్టేటప్పుడు గుర్తొస్తుంది. చేతులకు పని ఉంటే మనసుకు తీరుబడే. అక్కర్లేని వస్తువుకు ఎన్ని పేర్లో. కచర, తుక్కు, పేలిక. వడ్లలో గింజ లేకపోతే తాలు. బీడీ బాగా లేదని కార్ఖానాలో తీసి పక్కన పడేస్తే ఛాట్. మనుషులకూ పేర్లకు కొదవలేదు. చెప్పకుండా కంపెనీ నుంచి పారిపోయి దాక్కున్నవాడు ఖల్లివెల్లి. కడుపు పండనిది గొడ్రాలు. మొగుడు వదిలేసినది ఇడిసినామె. వస్తువుల మాటలూ మనుషుల మాటలూ జనం ఒకే గోనెసంచిలో పోసుకుని తిరుగుతారేమో, చెయ్యి పెట్టినప్పుడు ఏది తగిలితే అది తీసి విసురుతారు.

ఇడిసినామె అంటే ఆ వాడలో అందరికీ సత్యవ్వే. ఎదురింట్లో ఒంటిగది, ముందు చిన్న వసారా. పెళ్ళయిన రెండేళ్ళకే ఆమె మొగుడు ఇంకొకామెను చేసుకుని మెట్‌పల్లిలో పసుపు వ్యాపారంలో స్థిరపడ్డాడు. వదిలింది వాడు. పేరు మాత్రం ఈమెకు పడింది. వాణ్ణి ఇప్పటికీ అందరూ సేటనే పిలుస్తారు, వదిలినవాడికీ ఒక పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఈ మాటే ఒకసారి సుమిత్ర అంటే సత్యవ్వ ఒళ్ళో చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. "నేను ఛాట్ల వడ్డ బీడీని చెల్లె. అయితేంది? ఛాట్ల తీసినయి పారవోస్తరనుకుంటున్నవా? మునీము మల్ల గవ్వే అమ్ముకుంటడు. మంచి బీడీ కాలినట్టే కాలుతయి."

సుమిత్ర ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. సత్యవ్వంటే ఆమెకు అసూయ. సత్యవ్వ మధ్యాహ్నం నిద్రొస్తే తలుపేసుకుని పడుకుంటుంది. వండబుద్ధి కాకపోతే బస్టాండు కాడ మిర్చీలు తెచ్చుకుని తింటుంది. మొక్కున్నా లేకున్నా కొండగట్టు బస్సెక్కుతుంది. ఆ ఒంటిగదిలో ఏ గిన్నె ఎక్కడ ఉండాలో ఆ గిన్నెకూ సత్యవ్వకూ తప్ప ఇంకెవరికీ పట్టదు. వాడలో పిల్లలకు నీళ్ళు పోయాలంటే సత్యవ్వ కావాలి, పెళ్ళిళ్ళలో పసుపు దంచేవేళకు మాత్రం ఆమెను పక్కకు జరగమంటారు. జరుగుతుంది. జరిగి, ఇంటికి పోయి హాయిగా ఫ్యానేసుకుంటుంది. అసూయ పడాల్సింది ఎవరిని చూసో లోకం తప్పు చెప్పిందేమోనని సుమిత్రకు అప్పుడప్పుడు అనుమానం.

ఆ వారంలోనే మడికి కోత మిషను వచ్చింది. సుమిత్ర పొద్దున్నే వెళ్ళి, వడ్లు కల్లంలో పోయించి, చెమటా దుమ్ముతో సాయంత్రానికి ఇల్లు చేరేసరికి, ఇంటి నడుమ కొత్త స్టీలు గంజు ధగధగ మెరుస్తోంది. పక్కనే కుర్చీలో వీరేందర్, గంజుకన్నా ఎక్కువ మెరుస్తూ. పాత చీరలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె వీధిలోకి వచ్చిందట. అటక మీది మూట ఆమెకిచ్చి, బేరమాడి, బక్కెటంత వంటగిన్నె, ఈ గంజు, తీసుకున్నాడట. "కచర ఇచ్చి గంజు తెచ్చిన. బేరమంటే గిట్ల జెయ్యాలె," అన్నాడు. వర్ష నోరు వెళ్ళబెట్టి తల్లి వైపు చూసింది. సుమిత్రకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈలోగా పక్కింట్లో కబుర్లకు పోయిన అత్త భూదేవి మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, సంగతి విని, గడప మీదే కూలబడింది.

"అండ్ల నా సిరిసిల్ల చీరున్నదిరా," అంది.

సిరిసిల్లలో సాంచాల, అంటే కరెంటు మగ్గాల, చప్పుడు మొదలవకముందు, గుంట మగ్గాల మీద నేసిన నూలు చీర అది. భూదేవి కొత్త కోడలిగా కట్టుకొచ్చింది. కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్నలా అయ్యింది. పుట్టిన బిడ్డకు ముందుగా చుట్టేది పాత బట్టే, పురుడు తీరేదాకా కొత్తది ఒంటికి తాకించరు. "నిన్ను గూడ గండ్లనే చుట్టినరా," అని భూదేవి కొడుకుతో అంటుంటే, బాస్‌గారి మొహం చూడవలసిందే. పొద్దున్నే మెట్‌పల్లి వెళ్ళి ఆ దిక్కే పోయిన గంజులామెను పట్టుకుంటానన్నాడు. ఆమె ఏ ఊరిదో, మూట నూనె తుడిచే పేలికలుగా ఏ మెకానిక్ షాపుకు చేరిందో ఎవరికి తెలుసు.

ముసలామె సుమిత్ర వైపు తిరిగింది. "దొరకకపోతె నీ చీర ఒకటి తీసి సంచిల వెట్టు. మొగడు పక్కకున్నదానివి, బిడ్డను కన్నదానివి. తొలిత చుట్టిన చీర ఎవలదైతే పిల్లకు వాళ్ళ బతుకే అస్తది. ఎవలది వడితె వాళ్ళది చుట్టద్దు." ఎవలది వడితె వాళ్ళది అన్నప్పుడు ఆమె చూపు వీధి దాటి ఎదురింటి వసారా మీద వాలింది. అక్కడ సత్యవ్వ బీడీ ఆకు కత్తిరిస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

సుమిత్ర బీరువా తెరిచి తన పాతవాటిలోంచి పసుప్పచ్చ వాయిల్ చీర తీసింది. మెత్తగానే ఉంది. వర్ష రెండో తరగతిలో ఉండగా కొన్నది. ఈ చీరలోనే స్లాబు రోజు కూలీలందరికీ వండి, ఆఖరుకు గంజు అడుగున గీకితే వచ్చింది తిన్నది. ఈ చీర కొంగుతోనే, ఒక్క బిడ్డతో సరిపెట్టావేమని పెళ్ళిళ్ళలో చుట్టాలడిగితే మొహం తుడుచుకున్నది. మామ కోపమొచ్చి విసిరితే గోడకు తగిలి సొట్టపోయిన కంచాలు ఈ ఇంట్లో ఇంకా ఉన్నాయి. అవి అత్త కాపురానివి. తన కాపురంలో కంచాలు ఎగరలేదు, అంతవరకు నయమే. కానీ కంచం ముందు తను అందరికన్నా ఆఖరునే కూర్చుంది. అందులో గొప్ప కష్టమని చెప్పడానికి ఏముంది? ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరూ చూడలేదు, అంతే. చీరను మడతపెట్టి సంచిలో పెట్టింది.

మర్నాడు వీరేందర్ ఇలా మెట్‌పల్లి బండెక్కాడో లేదో వర్షకు నొప్పులు మొదలయ్యాయి. డాక్టరు చెప్పిన తారీకు ఇంకా దూరంలోనే ఉంది గానీ లోపలున్నవాళ్ళకు తారీకులు ఎవరు చెప్పాలి. ఆ కేక విని ఎదురింటి నుంచి సత్యవ్వ పరుగెత్తుకొచ్చింది. 108 బండికి ఫోన్ చేసింది ఆమే, వర్షను పట్టుకుని ఎక్కించింది ఆమే. మోకాళ్ళ నొప్పులతో భూదేవి ఇంట్లోనే ఉండిపోయింది. సంచి ఒడిలో పెట్టుకుని సుమిత్ర ఒక పక్క, ఆసుపత్రిలో నేల మీద పరుచుకోవడానికని ఉతికిన పాత చీరొకటి చంకలో పెట్టుకుని సత్యవ్వ ఇంకో పక్క. జగిత్యాల చేరేదాకా వర్ష ఒకటే అరుపు. "ఒర్రు బిడ్డా, ఎంతనన్న ఒర్రు, గీ ఒక్కపారి ఎవ్వలు ఏమనరు," అంటూ సత్యవ్వ ఆమె నడుం రుద్దుతూనే ఉంది. నొప్పి మధ్యలో కూడా వర్షకు నవ్వొచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. గొంతు మాత్రం ఇద్దరు పిల్లలకు సరిపోయేంత. ఎర్రగా, ముడతలు ముడతలుగా, కోపంగా ఉన్న ఆ మొహాన్ని తలుపు సందులోంచి చూసి సుమిత్ర నవ్వేసింది. తాను మూడు రోజులుగా సరిగా నిద్రపోలేదన్న సంగతి కూడా ఆ క్షణానికి మరచిపోయింది.

నర్సు తల బయటపెట్టింది. "పాత బట్ట తెచ్చిండ్రా అమ్మా? మెత్తటిది, ఉతికింది?"

సుమిత్ర సంచిలో చెయ్యి పెట్టింది. వాయిల్ చీర అందింది. వేళ్ళ మధ్య ఆ మెత్తదనం, ఆ కొంగు, ఆ రోజులన్నీ తగిలాయి. తలుపు అవతల పిల్ల ఏడుస్తోంది. సుమిత్ర చెయ్యి ఖాళీగానే బయటికి తీసింది. "సత్యక్కా, నీ చీరియ్యి."

సత్యవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "నాదా? నాది వద్దు చెల్లె. మీ అత్త ఊకోదు. నీది సంచిల లేదా?"

"ఉన్నది. నీదే కావాలె."

సత్యవ్వ చంకలోని చీర తీసి రెండు చేతులా పట్టుకుని నిలబడింది. తరవాత సత్యవ్వ ముక్కు ఎగబీల్చి, కొసను పళ్ళతో కొరికి, చీరను చర్రున చింపింది. నీలం మీద తెల్ల చుక్కల నూలు చీర. ఒక ముక్క నర్సు చేతికి వెళ్ళింది. కాసేపటికి చుక్కల మధ్య నుంచి చిన్న మొహం ఒకటి వర్ష పక్కన ప్రత్యక్షమైంది. ఏడుపు మానేసి, వచ్చినవాళ్ళెవరా అని చూస్తోంది.

మధ్యాహ్నం దాటాక తల్లిని వెంటబెట్టుకుని వీరేందర్ వార్డులోకి వచ్చాడు. గంజులామె జాడ దొరకలేదని మొహం చెబుతూనే ఉంది. ఆసుపత్రికి బట్టలు కావాలని ఫోన్లో విన్నాడు కదా, ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మంచిదని దుబాయ్ నుంచి తెచ్చిన మందపాటి దుప్పటి భుజాన వేసుకొచ్చాడు. దాని మీద నోరు తెరిచిన పులి బొమ్మ. ఆ ఎండకు పైన ఫ్యాను గాలి కూడా వేడిగా వస్తోంది. "తమ్మీ, గా పులిని జర కింద దించు, పాపం దానికి గూడ ఉక్కపోస్తుంది," అంది సత్యవ్వ. చుట్టుపక్కల మంచాల మీది ఆడవాళ్ళంతా నవ్వారు. వర్ష కుట్లు లాగుతున్నాయంటూ నవ్వింది. వీరేందర్ కూడా కొంచెం నవ్వి, మనవరాలి మీదికి వంగి, వేలుతో దాని బుగ్గ తాకాడు. ఆ వేలు ఈసారి దుమ్ము కోసం వెతకలేదు.

భూదేవి మంచం అంచున కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. బట్ట అంచును వేళ్ళతో పట్టి చూసింది. మెల్లగా అడిగింది. "ఎవల చీర గిది?"

"నీదే అను," అని సత్యవ్వ సుమిత్ర వీపు వెనక నుంచి గొణిగింది. అంటే అయిపోయేదే. ఇంటికి పోయి వండుకు తినేవాళ్ళు, మళ్ళీ రేపు చాయ్‌తో పాటు రోజుటి మాట వచ్చేది.

"సత్యక్కది," అంది సుమిత్ర.

"ఇడిసిన..." అని మొదలుపెట్టి, సత్యవ్వ అక్కడే ఉందని చూసి భూదేవి మింగేసింది. "నీ చీర సంచిల వెట్టినవ్ గదా. మరిసినవా?"

"మరువలే. చేతికందింది. నేనే మల్ల లోపట్నే ఉంచిన." సుమిత్ర గొంతు పెంచలేదు, తల దించలేదు. "చీర ఎవలదైతే పిల్లకు వాళ్ళ బతుకొస్తదని నువ్వే అన్నవు గదా అత్తా. సత్యక్క బతుకొస్తే రానీ. ఆకలైతె తింటది, నిద్రొస్తె పంటది. ఇన్నేండ్లు కూసోని ఏం జేసినవని అడిగేటోళ్ళు ఉండరు. నా బతుకు మాత్రం నా మనుమరాలికి వద్దు."

వార్డంతా ఆ మాట విన్నది. వీరేందర్ పులి దుప్పటిని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సుమిత్ర ఆయన వైపు చూసింది. ఆయన మీద జాలి కలిగింది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు. ఆకలి వేస్తోంది. బయట మిర్చీల బండి ఉంటుంది, సత్యక్కను తీసుకుని వెళ్ళాలి అనుకుంది. వీళ్ళందరికన్నా ముందే తినాలి.

వీరేందర్ చివరికి తల్లి వైపు తిరిగాడు. "అవ్వా, రేపు మల్ల మెట్‌పల్లి పోత. నీ చీర ఎట్లన్న జేసి దొరకవట్టుకస్త. అప్పుడు నీదే చుట్టుదురు."

భూదేవి చుక్కల నీలం గుడ్డను పిల్ల గడ్డం కిందికి సర్దింది, మళ్ళీ సర్దింది. సొట్టపోయిన కంచాలన్నీ ఒక్కొక్కటిగా ఆమె కళ్ళ ముందుకు వచ్చి వెళ్ళాయేమో ఎవరికి తెలుసు. తరవాత తలెత్తి కొడుకును చూసింది.

"వద్దురా," అంది. "నా చీరను దేవులాడకు. గంజే మంచిగున్నది."